మంత్రి రాసిచ్చిన జవాబు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

పార్లమెంటు సమావేశాలు జరిగిన ప్రతిసారీ మంత్రుల లిఖితపూర్వక సమాధానాల గురించి మాకు ఉత్తరాలు వస్తాయి. వాటిలో ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలను ఏరి, ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

లోక్‌సభ గొడవతో వాయిదా పడిందని వార్తల్లో చెబుతారు. అదే బులెటిన్‌లో ‘ఎంపీ అడిగిన ప్రశ్నకు కేంద్ర మంత్రి లిఖితపూర్వకంగా సమాధానమిచ్చారు’ అంటారు. సభే జరగకపోతే సమాధానం ఎక్కడి నుంచి వచ్చింది?
(డిగ్రీ విద్యార్థిని, నంద్యాల)

లోక్‌సభలో రోజూ రెండు రకాల ప్రశ్నలు ఉంటాయి. నక్షత్రపు గుర్తు ఉన్నవి 20. వీటికి మంత్రి సభలో లేచి నోటితో జవాబివ్వాలి, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రపు గుర్తు లేనివి 230 వరకు ఉంటాయి. వీటికి జవాబు కాగితం మీదే వస్తుంది, అనుబంధ ప్రశ్నలు ఉండవు. మొదటి జాబితాను ఆకుపచ్చ కాగితం మీద, రెండోదాన్ని తెల్ల కాగితం మీద అచ్చు వేయడం ఆనవాయితీ. రాజ్యసభలో ఇవి 15, 160.

ఈ 230 జవాబులనూ ఆ రోజు ‘సభ ముందు ఉంచుతారు’. వాటిని ఎవరూ చదివి వినిపించరు. కాబట్టి సభ్యులు వెల్‌లోకి (స్పీకర్ పీఠం ముందున్న ఖాళీ స్థలంలోకి) వెళ్లినా, స్పీకర్ సభను వాయిదా వేసినా ఆ జవాబులు రికార్డులో చేరిపోతాయి. నోటితో జవాబు రాని నక్షత్రపు ప్రశ్నలకు కూడా లిఖిత సమాధానం సభ ముందుకు వస్తుంది. ఒక్క గంటలో 20 ప్రశ్నలూ పూర్తి కావడం ఎంత అరుదంటే, 2019 నవంబరు 27న అలా జరిగితే 1972 తర్వాత ఇదే మొదటిసారి అని వార్తలు రాశారు.

అందుకే గుర్తు లేని ప్రశ్నను చిన్నచూపు చూడొద్దని మేమంటాం. ఆ జవాబులో మంత్రి పేరు, తేదీ, ప్రశ్న సంఖ్య ఉంటాయి. పత్రికా సమావేశంలో అన్న మాటను ‘నా ఉద్దేశం అది కాదు’ అని మర్నాడు దిద్దుకోవచ్చు. సభ ముందు ఉంచిన కాగితాన్ని దిద్దాలంటే సభలోనే దిద్దుబాటు ప్రకటన చేయాలి.

మా ప్రాంత సమస్యపై ఎంపీ చేత ప్రశ్న వేయించాలంటే ఎన్ని రోజుల ముందు వెళ్లాలి?
(న్యాయవాది, కరీంనగర్)

సమావేశాలు మొదలయ్యాక వెళితే చాలావరకు ఆలస్యమైనట్టే. ప్రశ్న నోటీసుకు 15 పూర్తి రోజుల గడువు ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజు, జవాబు వచ్చే రోజు ఆ లెక్కలోకి రావు. అంటే 31వ తేదీన జవాబు కావాలంటే నోటీసు 15వ తేదీకల్లా లోక్‌సభ సచివాలయానికి చేరాలి.

రెండో లెక్క మంత్రిత్వ శాఖలది. శాఖలన్నిటినీ ఐదు గుంపులు చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో రోజు ఒక్కో గుంపుకు కేటాయిస్తారు. ఒక శాఖకు వారంలో వచ్చేది ఒక్క రోజే. మూడు వారాల సమావేశాల్లో మీ శాఖకు దొరికేది మూడు అవకాశాలు. అందులో ఒకటి సెలవు రోజున పడితే రెండే. సమావేశాల తేదీలు ఖరారు కాగానే ఏ తేదీకి ఏ శాఖలు, ఆ తేదీకి నోటీసుల గడువు ఎప్పటివరకు అనే పట్టికను సచివాలయం విడుదల చేస్తుంది. ముందు ఆ పట్టిక సంపాదించండి.

మూడోది బ్యాలెట్. లోక్‌సభలో ఒక సభ్యుడు ఒక రోజుకు ఐదు నోటీసులే ఇవ్వగలరు. ఆ రోజు జాబితాలో ఆయన పేరు మీద నక్షత్రపు ప్రశ్న ఒక్కటే ఉంటుంది. వచ్చిన నోటీసులు జాబితాలో పట్టేదానికంటే చాలా ఎక్కువ కాబట్టి వరసను లాటరీ తేలుస్తుంది. మీ ఎంపీకి ఎంత శ్రద్ధ ఉన్నా అదృష్టం కలిసిరాకపోవచ్చు. పక్క నియోజకవర్గం ఎంపీకి, ఒక రాజ్యసభ సభ్యుడికి కూడా అదే విషయం ఇచ్చిపెట్టుకోవడం మంచిది. రాజ్యసభ సభ్యుల దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన మనవాళ్లకు ఎందుకో తట్టదు.

ఎంపీ కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చి వచ్చేస్తే సరిపోదు. ప్రశ్న ముసాయిదా మీరే రాసి ఇవ్వండి. ఒక్క పేజీ చాలు. ఏ శాఖకో, ఏ తేదీకో పైన రాయండి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు.

పోలవరం గురించి పార్లమెంటులో ఎన్నిసార్లు అడిగినా జవాబులో మాకు కావాల్సింది ఉండదు. తప్పు ఎక్కడుంది?
(ముంపు మండలం పాఠకుడు, ఏలూరు జిల్లా)

కొంత జవాబులో, కొంత ప్రశ్నలో. ప్రశ్న మన చేతిలో ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

చాలా ప్రశ్నలు ఇలా మొదలవుతాయి: ‘(అ) పోలవరం పనులు ఆలస్యమవుతున్న మాట వాస్తవమేనా; (ఆ) అయితే కారణాలేమిటి; (ఇ) బాధ్యులపై తీసుకున్న చర్యలేమిటి?’ మంత్రి (అ)కి ‘లేదు’ అని రాస్తే చాలు, (ఆ), (ఇ) వాటంతటవే కూలిపోతాయి. ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్న ఒక్క ముక్కతో ఫైలు మూతపడుతుంది. అవును, కాదు అని చెప్పే వీలున్న ప్రశ్నను గొలుసు మొదట్లో పెట్టడమే ఇక్కడి పొరపాటు. పెట్టక తప్పకపోతే ‘కాకపోతే అందుకు కారణాలేమిటి’ అన్న భాగం తప్పక చేర్చాలి. అప్పుడు ‘లేదు’ అన్నా వివరణ ఇవ్వాల్సి వస్తుంది.

‘ఎప్పుడు పూర్తవుతుంది’ అనేదీ బలహీనమైన ప్రశ్నే. ఏదో ఒక నెల పేరు చెబుతారు, ఆ నెల వచ్చేసరికి ఇంకో నెల చెబుతారు. పోలవరం విషయంలో కేంద్రం తప్పించుకోలేని పట్టు ఒకటుంది. 2014 పునర్విభజన చట్టం 90వ సెక్షన్ దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. 2014 ఏప్రిల్ 1 నుంచి నీటిపారుదల భాగం ఖర్చును కేంద్రమే తిరిగి చెల్లిస్తోంది. ఆ చెల్లింపుల దారిలో పోలవరం ప్రాజెక్టు అథారిటీ ఉంది, అది కేంద్ర సంస్థ. ప్రశ్న ఆ దారి వెంటే నడవాలి. మేమైతే ఇలా రాస్తాం:

‘జలశక్తి శాఖ మంత్రి దయచేసి తెలియజేస్తారా: (అ) 2014 ఏప్రిల్ 1 నుంచి పోలవరం ప్రాజెక్టుకు తిరిగి చెల్లించిన మొత్తం, ఆర్థిక సంవత్సరాల వారీగా, (ఆ) రాష్ట్రం సమర్పించిన బిల్లుల్లో పోలవరం ప్రాజెక్టు అథారిటీ వద్ద పెండింగులో ఉన్న మొత్తం, వాటిలో అత్యంత పాత బిల్లు తేదీ, పెండింగుకు కారణం, (ఇ) 41.15 మీటర్ల మట్టానికి, 45.72 మీటర్ల మట్టానికి ముంపునకు గురయ్యే కుటుంబాలు విడివిడిగా ఎన్ని, వాటిలో ఇప్పటివరకు పునరావాస కాలనీలకు తరలించినవి ఎన్ని. (ఈ) మిగిలిన కుటుంబాల పరిహారానికి నిర్దేశించిన గడువు ఏది?’

ఇందులో ఆరోపణ ఒక్కటీ లేదు. ‘అత్యంత పాత బిల్లు తేదీ’ అడగడంలో కిటుకు ఉంది. మొత్తం ఎంతో చెప్పి ఊరుకుంటే అది నిన్నటి బిల్లో, నాలుగేళ్ల కిందటిదో తెలియదు. తేదీ చెబితే ఆలస్యం దానంతటదే బయటపడుతుంది. (ఇ)లో జలాశయం రెండు నీటిమట్టాలనూ విడగొట్టి అడగకపోతే మొదటి దశ (41.15 మీటర్లు) కుటుంబాల సంఖ్య మాత్రమే ఇచ్చి, తరలింపు శాతం ఘనంగా చూపించే అవకాశం ఉంది. నిర్వాసితుల లెక్కలో మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

మండలాల వారీగా అడగాలనిపిస్తుంది. అడిగితే ‘ఆ వివరాలు రాష్ట్ర ప్రభుత్వం వద్ద ఉంటాయి’ అనే జవాబుకు మనమే దారి ఇచ్చినట్టవుతుంది. మండలాల లెక్క ఎమ్మెల్యే ద్వారా శాసనసభలో అడగండి. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. కేంద్రం చెప్పిన మొత్తం, రాష్ట్రం చెప్పిన మండలాల మొత్తం కలవకపోతే మీ తదుపరి ప్రశ్న సిద్ధమైనట్టే.

ఇక జవాబు వచ్చాక చూడాల్సింది: ‘(అ) నుంచి (ఈ) వరకు’ అని అన్నిటికీ కలిపి ఒకే పేరాలో జవాబిచ్చారా అని. కలిపి రాస్తే ఏదో ఒక భాగాన్ని వదిలేసి ఉండే అవకాశం ఎక్కువ. పెన్సిల్ పట్టుకుని ఒక్కో భాగానికి జవాబు ఎక్కడుందో గీత గీయండి. గీత పడని భాగాన్ని ఈసారి ఒంటరిగా అడిగించండి.

కొన్ని జవాబులు చదివితే ఒళ్లు మండుతుంది. కొవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ అందక ఎవరూ చనిపోలేదని పార్లమెంటుకు ఎలా చెప్పగలిగారు?
(తిరుపతి పాఠకురాలు)

మీ కోపం న్యాయమైనది. మీ ఊరి రుయా ఆసుపత్రిలో 2021 మే 10 రాత్రి ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. అయితే ఆ జవాబులోని మాటలను జాగ్రత్తగా చూడాలి. 2021 జులై 20న రాజ్యసభకు ఇచ్చిన లిఖిత సమాధానం ‘ఎవరూ చనిపోలేదు’ అనలేదు. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశమని, కేసులు, మరణాల లెక్కలు రాష్ట్రాలే పంపుతాయని, ఆక్సిజన్ కొరత వల్ల మరణించినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని చెప్పింది. ‘నివేదించలేదు’ వేరు, ‘జరగలేదు’ వేరు. జవాబు రాసే అధికారికి ఈ తేడా బాగా తెలుసు.

అలాంటి జవాబు వచ్చినప్పుడు వేయాల్సిన ప్రశ్న: ఆ కోణంలో నివేదించమని రాష్ట్రాలను అడిగారా, ఏ తేదీన అడిగారు, ఏ రాష్ట్రం ఏమని బదులిచ్చింది? జులై జవాబుపై గగ్గోలు రేగాక కేంద్రం రాష్ట్రాలను ప్రత్యేకంగా అడిగింది. ఆగస్టులో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో ఆంధ్రప్రదేశ్ నివేదిక ప్రస్తావన వచ్చింది. మే 10న తిరుపతి ఆసుపత్రిలో వెంటిలేటర్‌పై ఉన్న కొందరు రోగులు చనిపోయారని, ఆక్సిజన్ ట్యాంకు నింపి బ్యాకప్‌కు మారే మధ్యలో పైపుల్లో పీడనం పడిపోయిందని ప్రాథమిక విచారణలో తేలినట్టు అందులో ఉంది. జులైలో లేని సంగతి ఆగస్టులో రికార్డుకెక్కింది. మొదటి జవాబుతో అందరూ ఊరుకుని ఉంటే అది ఎక్కేది కాదు.

ఇలాంటిదే 2020 సెప్టెంబరు 14 నాటి జవాబు. కొవిడ్ కారణంగా ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేసి, లిఖిత సమాధానాలు మాత్రమే ఉంచారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు వెళుతూ చనిపోయిన వలస కార్మికులెందరు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని అడిగారు. అలాంటి గణాంకాలు నిర్వహించడం లేదని, అందువల్ల పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదని కార్మిక శాఖ రాసింది. అదే జవాబులో స్వస్థలాలకు తిరిగి వెళ్లిన కార్మికులు కోటీ నాలుగు లక్షలకు పైగా అని రాష్ట్రాల వారీ లెక్క ఉంది. వెళ్లినవారిని లెక్కపెట్టారు, దారిలో పోయినవారిని లెక్కపెట్టలేదు. ప్రభుత్వం దేన్ని లెక్కపెట్టడం లేదో కూడా లిఖిత సమాధానమే చెబుతుంది. అది తెలియడం చిన్న విషయం కాదు.

‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అని జవాబు వస్తే ఇక అంతేనా?
(ఉపాధ్యాయుడు, ఖమ్మం)

అంతే కాదు. నిజానికి మీకు ఒక ఆయుధం దొరికినట్టు. ఆ వాక్యం సభకు ఇచ్చిన హామీ కింద లెక్క. ‘పరిశీలనలో ఉంది’, ‘విచారణ జరుగుతోంది’, ‘చూస్తాను’ వంటివీ అంతే. ఏ మాటలు హామీ అవుతాయో ఒక జాబితానే ఉంది. లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి ప్రభుత్వ హామీల కమిటీలు పనిచేస్తున్నాయి. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే శాఖ కారణం చెప్పి గడువు పెంచమని కమిటీని అడగాలి. కమిటీ ఆ శాఖ కార్యదర్శిని పిలిచి వివరణ కోరవచ్చు.

ఆచరణలో హామీలు ఏళ్ల తరబడి నానుతాయన్నది నిజం. శాఖలు గడువు పెంపు అడుగుతూనే ఉంటాయి, కొన్ని ‘ఇది హామీ కాదు, జాబితా నుంచి తీసేయండి’ అని కూడా కోరతాయి. అందుకే జవాబు వచ్చిన రోజున కేలెండర్‌లో మూడు నెలల తర్వాతి తేదీని గుర్తు పెట్టుకోండి. ఆ తేదీ దాటగానే ప్రశ్న సంఖ్య, తేదీతో ఎంపీకి గుర్తు చేస్తూ ఉత్తరం రాయండి. ఎంపీ ఆ విషయాన్ని కమిటీ దృష్టికి తీసుకెళ్లవచ్చు. మన శాసనసభల్లోనూ హామీల కమిటీలు ఉన్నాయి, అక్కడా ఇదే పద్ధతి.

మంత్రి ఇచ్చిన అంకె తప్పని మా దగ్గర కాగితం ఉంది. ఏం చేయాలి?
(విశ్రాంత ఉద్యోగి, గుంటూరు)

కాగితాన్ని ఎంపీకి ఇవ్వండి, టీవీకి తర్వాత. లోక్‌సభలో స్పీకర్ ఆదేశాల్లో 115వది దీనికోసమే ఉంది. తప్పు ఏమిటో, సరైనది ఏమిటో ఆధారాలతో సభ్యుడు ముందుగా స్పీకర్‌కు రాయాలి. స్పీకర్ దాన్ని మంత్రికి పంపి వివరణ కోరవచ్చు. పొరపాటైతే మంత్రి సభలో దిద్దుబాటు ప్రకటన చేస్తారు. తెలిసి తెలిసి సభను తప్పుదోవ పట్టించారని తేలితే అది సభా హక్కుల ఉల్లంఘన. కానీ ఆ ‘తెలిసి’ అన్నది రుజువు చేయడం చాలా కష్టం. దిద్దుబాటు సాధించినా గెలిచినట్టే, దాన్ని తక్కువగా చూడకండి.

మా ప్రశ్నను తిరస్కరించారని ఎంపీ కార్యాలయం చెప్పింది. కారణాలు ఏముంటాయి?
(విశాఖపట్నం పాఠకుడు)

లోక్‌సభ నిబంధనల్లో 41వది చూడండి. ఎక్కువగా దెబ్బతినేవి నాలుగు రకాలు. కేంద్రానికి సంబంధం లేని విషయం (ఊరి పోలీసు స్టేషన్, పంచాయతీ రోడ్డు). కోర్టులో నడుస్తున్నది. ఇప్పటికే జవాబు వచ్చినది. వాదన, నింద, వ్యంగ్యం కలిసినది. ఊహాజనితమైన ప్రశ్నలు, మంత్రి అభిప్రాయం అడిగేవీ నిలవవు. ‘నిర్లక్ష్యం’, ‘ద్రోహం’ లాంటి మాటలు తీసేసి, ఆ స్థానంలో తేదీ, అంకె అడిగితే సగం ప్రశ్నలు బతుకుతాయి. ఇప్పటికే జవాబు వచ్చిందని తోసిపుచ్చితే ఆ పాత జవాబు తేదీ తర్వాత జరిగినది మాత్రమే అడగండి.

లిఖిత ప్రశ్న వల్ల మంత్రి పదవి పోయిన సందర్భం ఉందా?
(పోటీ పరీక్షల అభ్యర్థి, వరంగల్)

ప్రశ్నతో మొదలై అక్కడిదాకా వెళ్లినది ఉంది, ముంద్రా వ్యవహారం. ప్రభుత్వ రంగంలోని జీవిత బీమా సంస్థ 1957లో హరిదాస్ ముంద్రా కంపెనీల షేర్లలో కోటి రూపాయలకు పైగా పెట్టింది. లోక్‌సభలో ప్రశ్న వేస్తే మొదట సూటిగా జవాబు రాలేదు. అధికార పక్షంలోనే ఉన్న ఫిరోజ్ గాంధీ పట్టువదలక ఆ డిసెంబరులో సభలో చర్చ లేవదీశారు. జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958లో రాజీనామా చేశారు. పరీక్షకు పేర్లు, సంవత్సరాలు సరిపోతాయి గానీ, మొదటి జవాబు తేలిపోయాకే అసలు పని మొదలైందన్నది గమనించండి.

ప్రశ్నకు ఇంత విలువ ఉంది కాబట్టే దాన్ని అమ్ముకోవడం ఘోరమైన తప్పు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నట్టు రహస్య కెమెరాకు చిక్కిన 11 మంది ఎంపీలను 2005 డిసెంబరు 23న ఉభయ సభలు బహిష్కరించాయి. వారిలో పదిమంది లోక్‌సభ సభ్యులు, ఒకరు రాజ్యసభ సభ్యుడు.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకుంటే సరిపోదా? ఎంపీ చుట్టూ తిరగడం ఎందుకు?
(హైదరాబాద్ పాఠకుడు)

రెండూ వేర్వేరు పనిముట్లు. పది రూపాయల దరఖాస్తుతో ఫైలులోని నోట్, బిల్లు నకలు వస్తాయి. 30 రోజుల్లో జవాబివ్వాల్సింది సమాచార అధికారి. పార్లమెంటు ప్రశ్నకు నకళ్లు రావు గానీ, జవాబుకు మంత్రి పూచీ ఉంటుంది. ముందు దరఖాస్తు పెట్టి కాగితం తెచ్చుకోండి, దాని ఆధారంగా ప్రశ్న రాయండి. ఈ వరసలో వెళితే మంత్రిత్వ శాఖ దాటవేయడం కష్టం.

బ్రిటన్‌లో స్థిరపడ్డాం. ఇక్కడి ఎంపీ ద్వారా కూడా ఇలా అడగవచ్చా?
(లండన్ పాఠకురాలు)

నిస్సంకోచంగా. మీ నియోజకవర్గ ఎంపీకి రాయండి. అక్కడ లిఖిత ప్రశ్నలకు లాటరీ లేదు. మామూలు లిఖిత ప్రశ్నకు వారంలోగా జవాబివ్వడం ఆనవాయితీ. తేదీ పేర్కొని అడిగే ప్రశ్నలు ఒక సభ్యుడు రోజుకు ఐదు వరకు వేయవచ్చు. ఒక చిక్కు ఉంది. జవాబు సేకరించడానికి 850 పౌండ్లకు మించి ఖర్చవుతుందనుకుంటే శాఖ ‘ఖర్చు మితిమీరుతుంది’ అని నిరాకరించవచ్చు. పదేళ్ల లెక్క అడగకుండా రెండేళ్లది అడిగితే ఈ సాకు దొరకదు.

పాత జవాబులు ఎక్కడ దొరుకుతాయి?
(గ్రంథపాలకుడు, రాజమహేంద్రవరం)

డిజిటల్ సంసద్ వెబ్‌సైట్‌లో లోక్‌సభ, రాజ్యసభ విడివిడిగా ఉంటాయి. ప్రశ్నల విభాగంలో సమావేశం, శాఖ, సభ్యుడి పేరు, విషయం పెట్టి వెతకవచ్చు. జవాబులు ఇంగ్లిష్, హిందీల్లో పీడీఎఫ్‌లుగా ఉంటాయి. రాష్ట్రాల వారీ పట్టికలు చివరి అనుబంధంలో ఉంటాయి కాబట్టి మొదటి పేజీ చదివి మూసేయకండి. 1952 నుంచి ఉన్న పాత చర్చలకు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీ చూడండి. శాఖల పేర్లు మారుతుంటాయన్నది గుర్తుంచుకోండి. 2019కి ముందు పోలవరం జవాబులు కావాలంటే జలశక్తి అని కాక జలవనరుల శాఖ అని వెతకాలి.